ఒప్పుకుంటే చాలదు, హక్కు చేరాలి

జుమా ఖుత్బాల్లోనూ, ధార్మిక సభల్లోనూ మనం తరచూ వినే మాట ఒకటుంది. ఆస్తిలో వాటా, నికాహ్‌లో అంగీకారం, మహర్, ఖులా వంటి హక్కులను ఇస్లాం స్త్రీకి 1400 ఏళ్ళ క్రితమే ప్రసాదించిందని వక్తలు చెబుతుంటారు. ఈ మాట అక్షరాలా నిజం. దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా చదివినవారెవరూ దీన్ని కాదనలేరు. అయితే ఈ ప్రసంగం వింటున్న సోదరి మనసులో మరో ప్రశ్న మెదులుతూ ఉంటుంది. అల్లాహ్ ఇచ్చాడు, సరే. మరి మా ఇంట్లోవాళ్ళు ఇచ్చారా?

మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేసి, రెండో ప్రశ్నకూ జవాబు ఇచ్చేశామని చాలామంది పురుషులు అనుకుంటారు. ధర్మం న్యాయమైనది కావడం వేరు, ఆ ధర్మాన్ని నమ్మినవాడు న్యాయంగా నడుచుకోవడం వేరు. ఈ తేడాను అందరికంటే ముందు గుర్తించినవారు మహాప్రవక్త (స) సహచరులే. స్త్రీల పట్ల తమలో ఉన్న చిన్నచూపును వారు ఎలా ఒప్పుకున్నారు? ఆనాటి స్త్రీలు ఎలా స్పందించారు? షరీఅత్ దృష్టిలో ఒప్పుకోలు ఎప్పుడు పూర్తవుతుంది? ఈ మూడు విషయాలు ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఖలీఫా నోట వచ్చిన నిజం

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) తహ్రీమ్ సూరాలోని ఒక ఆయత్ గురించి హజ్రత్ ఉమర్ (రజి)ని అడగాలనుకున్నారు. ఆయనంటే ఉన్న బెరుకు వల్ల ఏడాది పాటు అడగలేకపోయారు. చివరికి హజ్ ప్రయాణంలో అవకాశం దొరికింది. ఆ సమాధానంలో భాగంగా హజ్రత్ ఉమర్ (రజి) ఒక పాత సంగతి చెప్పారు. అజ్ఞాన కాలంలో తాము స్త్రీలను లెక్కలోకి తీసుకునేవారే కాదని, అల్లాహ్ వారి విషయంలో ఆదేశాలు అవతరింపజేసి, వారికి ఇవ్వవలసిన వాటాలు నిర్ణయించేవరకు అదే పరిస్థితి ఉండేదని ఆయన అన్నారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. బుఖారీలోనే మరోచోట ఇంకొక వాక్యం కనిపిస్తుంది. ఇస్లాం వచ్చాక స్త్రీలకు తమపై హక్కు ఉందని గ్రహించామని, అయినా తమ వ్యవహారాల్లోకి మాత్రం వారిని రానిచ్చేవారం కాదని దాని భావం.

ఈ మాటలను కాస్త నిదానంగా పరిశీలించండి. అప్పటికి ఆయన ఖలీఫా. ఆయనను నిలదీసిన వాళ్ళెవరూ లేరు. పైగా ఆ రోజుల్లో జనం అలా ఉండేవారని అనలేదు, మేము అలా ఉండేవాళ్ళం అన్నారు. అన్నింటికంటే ముఖ్యమైనది మూడో విషయం. కలిమా చదవగానే పాత గుణమంతా తుడిచిపెట్టుకుపోయిందని ఆయన చెప్పుకోలేదు. హక్కును గుర్తించిన తరువాత కూడా ఒక తలుపు మూసే ఉంచామని దాచకుండా చెప్పారు. సగం మారినవాడు పూర్తిగా మారానని చెప్పుకోకపోవడమే నిజాయితీ.

ఆ ఉల్లేఖనాల్లోనే మరో ముఖ్యమైన సంగతి ఉంది. ఖురైషులు తమ స్త్రీలపై పెత్తనం చేసేవారు. మదీనాకు వచ్చి చూస్తే అన్సార్ ఇళ్ళలో స్త్రీల మాట చెల్లుతోంది. మక్కా స్త్రీలు వారిని చూసి నేర్చుకోసాగారు. అంటే ఆ పెత్తనం ఆడా మగా పుట్టుకలోనే ఉన్నది కాదన్నమాట. ఒక ఊరి అలవాటు మాత్రమే. ఊరు మారేసరికి అలవాటు ప్రశ్నార్థకమైంది. మనమూ మన తాతల నాటి అలవాటును ధర్మమని అనుకుంటున్నామేమో ఒక్కసారి చూసుకోవాలి.

స్త్రీలు ఎలా స్పందించారు?

ఒకరోజు హజ్రత్ ఉమర్ (రజి) ఏదో విషయం ఆలోచిస్తుండగా ఆయన భార్య ఒక సలహా ఇచ్చారు. నీకెందుకీ సంగతి అని ఆయన విసుక్కున్నారు. ఆమె వెనక్కి తగ్గలేదు. నీకు ఎదురు చెబితే సహించవు, నీ కూతురు సాక్షాత్తూ దైవప్రవక్త (స)కే సమాధానం చెబుతుందని గుర్తుచేశారు. ఆయన వెంటనే కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) వద్దకు వెళ్ళి మందలించారు. అక్కడి నుంచి బంధువైన హజ్రత్ ఉమ్మె సలమా (రజి) వద్దకు వెళ్ళి మాట్లాడబోయారు. అన్ని విషయాల్లోనూ జోక్యం చేసుకుంటూ వచ్చావు, ఇప్పుడు దైవప్రవక్త (స)కూ ఆయన భార్యలకూ మధ్య కూడా వస్తావా అని ఆమె సూటిగా అడిగారు. ఆ మాటతో తన కోపం కొంతవరకు విరిగిపోయిందని ఉమర్ (రజి) స్వయంగా చెప్పుకున్నారు. ఆ జవాబును అవమానంగా భావించి దాచిపెట్టలేదు. ఏళ్ళ తరువాత తానే ఇతరులకు వినిపించారు. అందుకే ఆ మాట ఈరోజు మన దాకా వచ్చింది.

ఉమ్మె సలమా (రజి)దే మరో సంఘటన. ఖుర్ఆన్‌లో పురుషుల ప్రస్తావన వస్తున్నట్లుగా మా ప్రస్తావన ఎందుకు రావడం లేదని ఆమె దైవప్రవక్త (స)ను అడిగారు. అడగడమే తప్పని ఎవరూ అనలేదు. అహ్‌జాబ్ సూరా 35వ ఆయత్ అవతరించింది. విశ్వాసం, సత్యం, సహనం, దానం, ఉపవాసం మొదలైన పది గుణాలను పేర్కొంటూ, ప్రతి చోటా పురుషులనూ స్త్రీలనూ పక్కపక్కనే ప్రస్తావించి, వారందరికీ ఒకే మన్నింపును, గొప్ప ప్రతిఫలాన్ని అల్లాహ్ వాగ్దానం చేశాడు.

హజ్రత్ ఖౌలా బిన్తె సఅలబా (రజి) గాథ మనకు తెలిసిందే. భర్త ఔస్ బిన్ సామిత్ (రజి) కోపంలో ఆమెను తల్లితో పోల్చి జిహార్ చేశారు. అజ్ఞాన కాలపు ఆ ఆచారం స్త్రీని భార్యగానూ ఉంచదు, విడిచీ పెట్టదు. ఆమె దైవప్రవక్త (స) సన్నిధిలో వాదించారు, అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. అదే ఇంట్లో ఓ మూల ఉన్న తనకే ఆమె మాటలు కొన్ని వినిపించలేదని, అల్లాహ్ మాత్రం విన్నాడని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పారు. ముజాదలా సూరా ఆ మొరతోనే ఆరంభమవుతుంది. ఆ మాటను అల్లాహ్ అబద్ధమని ఖండించడమే కాక, అన్నవాడికి పరిహారం విధించాడు. బానిసను విడుదల చేయాలి. అది కుదరకపోతే రెండు నెలలు ఎడతెగకుండా ఉపవాసాలు ఉండాలి. అదీ చేతకాకపోతే 60 మంది పేదలకు అన్నం పెట్టాలి. నోరు జారానని ఊరికే అంటే సరిపోదు. జారిన నోటికి మూల్యం ఉంది.

స్త్రీని తక్కువ చేసే మాట జ్ఞానం పేరుతో వచ్చినా ఆనాటి స్త్రీలు ఊరుకోలేదు. కుక్క, గాడిద, స్త్రీ ఎదురుగా వస్తే నమాజ్ భంగమవుతుందని కొందరు అంటున్నట్లు విని, మమ్మల్ని కుక్కలకూ గాడిదలకూ సమానం చేశారా అని విశ్వాసుల మాతృమూర్తి ఆయిషా (రజి) ఆక్షేపించారు. తాను ఖిబ్లా వైపు పడుకుని ఉండగానే దైవప్రవక్త (స) నమాజ్ చేసేవారని తన సొంత అనుభవాన్ని సాక్ష్యంగా చూపారు. సహాబాల ఉల్లేఖనాలపై ఆమె చేసిన సవరణలను ఇమామ్ జర్కషీ ‘అల్ ఇజాబా’ అనే గ్రంథంగా కూర్చారు. ఒక స్త్రీ పురుషులను సరిదిద్దిన సందర్భాలను పురుషుడే పుస్తకంగా భద్రపరచడం మన విద్యా సంప్రదాయంలో భాగం.

మనసుకు నచ్చకపోయినా తల వంచడం

ఒప్పుకోలుకు ఆచరణ తోడైతే ఎలా ఉంటుందో హజ్రత్ మఅఖిల్ బిన్ యసార్ (రజి) జీవితంలో చూడవచ్చు. ఆయన తన సోదరిని ఒక వ్యక్తికిచ్చి నికాహ్ చేశారు. అతను ఆమెకు తలాఖ్ ఇచ్చాడు. ఇద్దత్ గడిచిపోయింది. తరువాత అతనే మళ్ళీ సంబంధం అడగడానికి వచ్చాడు. మఅఖిల్ (రజి)కి రోషం పొడుచుకొచ్చింది. నీకు పిల్లనిచ్చి గౌరవిస్తే విడిచిపెట్టావు, ఇక ఆమె నీ గడప తొక్కదని ప్రమాణం చేసి చెప్పారు. అతను చెడ్డవాడు కాదు. ఆమె కూడా తిరిగి వెళ్ళాలనే కోరుకుంటోంది. ఈ విషయంలోనే బఖరా సూరా 232వ ఆయత్ అవతరించింది. ఇద్దరూ ధర్మబద్ధంగా ఇష్టపడితే వారి నికాహ్‌కు అడ్డుపడకూడదని అల్లాహ్ ఆదేశించాడు. అది వినగానే మఅఖిల్ (రజి) ఇప్పుడే చేస్తానని చెప్పి, ఆమెను అతనికే ఇచ్చి నికాహ్ జరిపించారు.

ఇక్కడ అన్నగారి కోపంలో చెల్లెలిపై ప్రేమ కూడా ఉంది. మనలో చాలామంది చేసే అన్యాయం కూడా ప్రేమ పేరుతోనే జరుగుతుంది. నీ మంచి కోసమే అంటాం. కానీ ఆమెకు ఏది మంచిదో ఆమెను అడగం. ఆయత్ తీర్పు అన్న రోషాన్ని బట్టి రాలేదు. ఆమె ఇష్టానికే అది విలువ ఇచ్చింది.

హజ్రత్ ఉమర్ (రజి) భార్య ఫజ్ర్, ఇషా నమాజులకు మస్జిద్‌కు వెళ్ళేవారు. ఆయనకు ఇది నచ్చదని తెలిసి కూడా ఎందుకు వెళుతున్నావని ఎవరో అడిగారు. నచ్చకపోతే నన్ను ఆపకుండా ఆయనకు అడ్డమేమిటని ఆమె తిరిగి ప్రశ్నించారు. అల్లాహ్ దాసీలను మస్జిద్‌ల నుంచి ఆపవద్దన్న ప్రవక్త (స) ఆదేశమే అడ్డమని జవాబు వచ్చింది. ఉమర్ (రజి) మనసు మారిందని ఈ హదీసు చెప్పడం లేదు. నచ్చకపోయినా ఆయన ఆపలేదని చెబుతోంది. మనసు పూర్తిగా మారేదాకా హక్కు ఇవ్వడం వాయిదా వేయనక్కరలేదు. ముందు దారి వదలాలి. మనసు తరువాత మారుతుంది.

ఫిర్యాదు వచ్చినప్పుడు

అబూదావూద్‌లో ఉన్న ఒక హదీసు ప్రకారం, అల్లాహ్ దాసీలను కొట్టవద్దని దైవప్రవక్త (స) మొదట ఆదేశించారు. స్త్రీలు భర్తల మీద తిరగబడుతున్నారని హజ్రత్ ఉమర్ (రజి) వచ్చి చెప్పినప్పుడు అనుమతి లభించింది. ఆ వెంటనే ఎంతోమంది స్త్రీలు ప్రవక్త (స) ఇంటివారి వద్దకు వచ్చి భర్తల గురించి మొరపెట్టుకున్నారు. అప్పుడు ఆయన ఆ స్త్రీల మాట అబద్ధమనలేదు, ఇంటి గుట్టు బయటపెట్టారని మందలించలేదు. అలాంటి భర్తలు మీలో మంచివారు కారని పురుషులతోనే చెప్పారు.

మన బస్తీల్లో ఏం జరుగుతోంది? దెబ్బలు తిన్న కూతురు పుట్టింటికి వస్తే సబర్ చెయ్యి బేటీ అంటాం. పెద్దలు పంచాయితీ పెట్టి అల్లుడిని కాక అమ్మాయినే రాజీకి ఒప్పిస్తారు. సబర్ గొప్ప గుణమే. కానీ దాన్ని బాధితురాలికి మాత్రమే బోధించి, బాధించినవాడికి అల్లాహ్ భయాన్ని బోధించకపోవడం ప్రవక్త (స) విధానం కాదు.

క్షమించడం ఆమె ఇష్టం

తౌబాకు మూడు షరతులు ఉన్నాయని ఇమామ్ నవవీ రియాజుస్సాలిహీన్‌లో రాశారు. ఆ పాపం మానేయాలి, చేసినందుకు పశ్చాత్తాపపడాలి, మళ్ళీ చేయనని గట్టిగా నిశ్చయించుకోవాలి. ఆ తప్పు తోటి మనిషి హక్కుకు సంబంధించినదైతే నాలుగో షరతు కూడా ఉంది. ఆ హక్కును హక్కుదారుకు చేర్చాలి, లేదా వారి చేత మనస్ఫూర్తిగా క్షమింపజేసుకోవాలి. భార్య, కూతురు, చెల్లెలు, కోడలు - వీరి విషయంలో చేసిన అన్యాయాలన్నీ ఈ నాలుగో షరతు కిందికే వస్తాయి. కాబట్టి ఒక పురుషుడు సభలో నిలబడి స్త్రీలకు అన్యాయం జరిగిందని కన్నీళ్ళు పెట్టుకున్నా, చెల్లెలి వాటా పొలం తన పేరుతోనే ఉన్నంతకాలం అతని తౌబా అసంపూర్ణమే.

మరి ఆమె క్షమించనంటే? బరీరా (రజి) సంఘటన దీనికి సమాధానం. ఆమె బానిసత్వం నుంచి విముక్తి పొందాక, భర్త ముగీస్ వద్ద ఉండాలా వద్దా అని ఎంచుకునే హక్కు లభించింది. ఆమె విడిపోయారు. ముగీస్ గడ్డం మీదుగా కన్నీళ్ళు కారుతుండగా ఆమె వెనకే తిరిగేవారు. జాలిపడి దైవప్రవక్త (స) ఆమెను తిరిగి వెళ్ళవచ్చు కదా అన్నారు. ఇది మీ ఆజ్ఞా అని ఆమె అడిగారు. కాదు, సిఫారసు మాత్రమేనని ఆయన చెప్పారు. అయితే నాకు అవసరం లేదని ఆమె అనేశారు. విషయం అక్కడితో ముగిసింది. దైవప్రవక్త (స) సిఫారసునే కాదనే స్వేచ్ఛ ఆమెకు ఉన్నప్పుడు, ఏడ్చాడు కదా, ఒప్పుకున్నాడు కదా, ఇక క్షమించు అని ఒక స్త్రీని బలవంతపెట్టే అధికారం మనకెక్కడిది?

మన సమాజంలో బలవంతపు క్షమాపణలు రెండు చోట్ల మరీ ఎక్కువ. మొదటిది మహర్. జీవితమంతా ఇవ్వని మహర్‌ను భర్త మయ్యత్ దగ్గర, పదిమంది చూస్తుండగా, మాఫ్ చెయ్యి అని భార్యను అడుగుతారు. ఏడుస్తున్న ఆ మనిషి కాదనగలదా? స్త్రీలు తమంతట తాము సంతోషంగా ఇస్తేనే మహర్‌లో కొంత మీకు ధర్మసమ్మతమని నిసా సూరా 4వ ఆయత్ బోధిస్తోంది. చెల్లించని మహర్ అప్పు. ఆస్తి పంచుకోకముందే దాన్ని తీర్చాలి.

రెండోది వారసత్వం. హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) ఉహుద్‌లో వీరమరణం పొందాక ఆయన ఆస్తినంతా సోదరుడు తీసేసుకున్నాడు. భార్య ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (స) వద్దకు వచ్చి అడిగారు. వారసత్వపు ఆయత్ అవతరించింది. పిల్లలకు మూడింట రెండు వంతులు, తల్లికి ఎనిమిదో వంతు ఇచ్చి, మిగిలింది నీవు తీసుకోమని ఆ సోదరుడికి ఆదేశం వెళ్ళింది. ఆస్తిని 24 భాగాలు చేస్తే స్త్రీలకు 19, అతనికి 5 మాత్రమే. నేడు మన ఇళ్ళలో ఏమవుతోంది? ఆపా, నీ పెళ్ళికి బోలెడు ఖర్చయింది కదా, ఇక్కడ సంతకం పెట్టు అంటారు. పెళ్ళి ఖర్చు, జహేజ్ వారసత్వ వాటాకు బదులు కావు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ తన మఆరిఫుల్ ఖుర్ఆన్‌లో ఈ సంగతి వివరించారు. ఎలాగూ దక్కదు, అన్నదమ్ములతో విరోధమెందుకని మొహమాటంతో వదులుకున్న వాటా షరీఅత్‌లో మాఫ్ అయినట్లు కాదని, ఆ బాకీ అన్నదమ్ముల మెడ మీదే ఉంటుందని ఆయన హెచ్చరించారు.

ఉలమా విన్న మొర

ఈ పాఠం పండితులకూ వర్తిస్తుంది. గత శతాబ్దం తొలి దశాబ్దాల్లో పంజాబ్ తదితర ప్రాంతాల్లో కొందరు ముస్లిం స్త్రీలు దుర్మార్గులైన భర్తల నుంచి బయటపడే దారి దొరకక, నికాహ్ రద్దవుతుందనే ఆశతో ఇస్లాంనే వదిలిపెడుతున్నామని ప్రకటించారు. భర్త అయిపు లేకుండా పోయినా, తిండి పెట్టకపోయినా విడుదల పొందే మార్గం అప్పుడు అమలవుతున్న హనఫీ అభిప్రాయం ప్రకారం దాదాపుగా లేదు. ఆ స్త్రీల ఈమాన్‌ను నిందించి ఊరుకోవడం తేలిక. మౌలానా అష్రఫ్ అలీ థానవీ అలా ఊరుకోలేదు. మాలికీ పండితులకు రాసి ఫత్వాలు తెప్పించి, 1930ల ఆరంభంలో ‘అల్ హీలతున్నాజిజా’ గ్రంథాన్ని వెలువరించారు. నిస్సహాయురాలైన భార్యకు ఫలవంతమైన ఉపాయం అని ఆ పేరుకు భావం. ఈ కృషి నేపథ్యంలో 1939లో ముస్లిం వివాహాల రద్దు చట్టం వచ్చింది. భర్త ఆచూకీ నాలుగేళ్ళు తెలియకపోయినా, రెండేళ్ళు పోషణ ఇవ్వకపోయినా, క్రూరంగా హింసించినా భార్య విడుదల కోరవచ్చని ఆ చట్టం చెప్పింది. స్త్రీ మొరను ధిక్కారంగా కాక ప్రశ్నగా విన్నప్పుడు షరీఅత్ విశాలత బయటపడుతుంది.

రెండు అభ్యంతరాలు

మన లోపాలు మనమే చెప్పుకుంటే ఇస్లాంను విమర్శించేవారికి ఆయుధం ఇచ్చినట్లు కాదా అని కొందరు సోదరులు అడుగుతారు. స్వయంగా మీకే వ్యతిరేకమైనా, తల్లిదండ్రులకూ బంధువులకూ వ్యతిరేకమైనా న్యాయం పక్షాన సాక్ష్యమివ్వండని నిసా సూరా 135వ ఆయత్ ఆదేశిస్తోంది. ఇందులో విమర్శకులకు మినహాయింపు లేదు. నిజానికి ఆయుధం ఇచ్చేది మన మాట కాదు, వాటా అందని చెల్లెలి కన్నీరు.

స్త్రీలు మాత్రం తప్పులు చేయరా అన్నది రెండో అభ్యంతరం. చేస్తారు. కోడలిని జోడా డబ్బు కోసం పీడించే అత్త కూడా స్త్రీయే, ఆమె కూడా అల్లాహ్‌కు జవాబు చెప్పుకోవాలి. కానీ ఎదుటివారి తప్పు చూపించి మన బాకీ ఎగవేయలేం. దీనార్లూ దిర్హమ్‌లూ పనికిరాని రోజు రాకముందే, ఎవరికి అన్యాయం చేశామో వారితో లెక్క తేల్చుకోవాలని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆ రోజు బాకీ తీర్చడానికి మన పుణ్యాలే ఇవ్వవలసి వస్తుంది.

ఆచరణకు

ఈ పాఠం చదివిన ప్రతి సోదరుడూ ఈ నెలలోనే కొన్ని విషయాలు సరిచూసుకోవాలి.

1. నికాహ్‌నామా తీసి చూడండి. మహర్ బాకీ ఉంటే అడగకముందే చెల్లించండి, లేదా ఎప్పటిలోగా ఇస్తారో కాగితం మీద రాసివ్వండి.

2. తండ్రి ఆస్తిలో అక్కచెల్లెళ్ళ వాటా లెక్కకట్టించి వారి చేతికి ఇవ్వండి. వారి స్వాధీనంలోకి వచ్చాక, ఇష్టమైతే వారే తిరిగి ఇస్తారు, లేకపోతే లేదు.

3. కట్నం, జోడా పేరుతో తీసుకున్నది ఉంటే తిరిగి ఇచ్చేయండి. అది బహుమానమని పేరు మార్చవద్దు.

4. కూతురు నికాహ్‌కు ముందు ఆమె అభిప్రాయం అడగండి. వద్దనే అవకాశం ఉన్నప్పుడే అడగడం అడగడమవుతుంది.

5. మీ మస్జిద్ కమిటీలో ఉంటే స్త్రీల నమాజ్‌కూ వుజూకూ చోటు గురించి మాట్లాడండి.

6. తప్పు ఒప్పుకున్నాక మెప్పు ఆశించవద్దు. ఆమె కోపంగా ఉంటే వినండి, మౌనంగా ఉంటే సమయం ఇవ్వండి. బాకీ తీర్చినవాడు అప్పిచ్చినవారి నుంచి కృతజ్ఞత కోరడు.

సోదరీమణులకు ఒక మాట. హక్కు అడగడం సబర్‌కు విరుద్ధం కాదు. అడిగిన ఖౌలా (రజి) పేరు తలచినప్పుడల్లా ముజాదలా సూరా గుర్తుకొస్తుంది. మీరు క్షమిస్తే దానికి ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంది. హక్కు తీసుకుంటే అది మీకు హలాల్. రెండింటిలో ఏది ఎంచుకోవాలన్నది మీ ఇష్టం.

అల్లాహ్ మన నాలుకలకు సత్యం ఒప్పుకునే ధైర్యాన్నీ, మన చేతులకు హక్కుదారుల హక్కు చేర్చే సద్బుద్ధినీ ప్రసాదించుగాక! మన ఇళ్ళలో అణగిపోయిన ప్రతి మొరను ఆలకించే హృదయాన్ని మనకు ఇచ్చుగాక! ఆమీన్.